పలుపు తెంపుకున్న పాట

వెనకటి రోజుల్లో ఎవరింటికైనా కొత్త రేడియో వస్తే ఇరుగుపొరుగువాళ్లు వెళ్లి అడిగే మొదటి ప్రశ్న "సిలోను స్పష్టంగా వస్తుందా?" అని. గరగర లేకుండా పలికితే మంచి రేడియో, పాట మధ్యలో జారిపోతే నాసిరకం. అంతే పరీక్ష. ఇప్పుడు కుర్రాళ్లు పాటలపెట్టె కొనుక్కుంటే స్నేహితులు వేసే మొదటి ప్రశ్న వేరే ఉంది. "ఎంత దూరం వినిపిస్తుందిరా?"

ఆ ప్రశ్నలో తమాషా గమనించారా? పాట వినాలనుకున్నవాడు పెట్టె పక్కనే ఉన్నాడు. మరి దూరాన ఉన్నది ఎవరండీ అంటే... పప్పుకి తాలింపు వేసుకుంటున్న మీరు, పసిపిల్లను జోకొడుతున్న మీ కోడలు, బీపీ మాత్ర వేసుకుని అప్పుడే నడుం వాల్చిన మీ అత్తగారు. అంటే ఆ పెట్టె గొప్పతనాన్ని తేల్చేది వినేవాళ్లు కారన్నమాట, విననక్కర్లేనివాళ్లు!

నేను చెబుతున్నది ఏ పెట్టె గురించో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. చిన్న సూట్‌కేసంత ఉంటుంది. కొన్నింటికి చక్రాలు, పైన పట్టుకోవడానికి పిడి, ముందు గుండ్రంగా వెలుగుతూ ఆరుతూ రంగురంగుల లైట్లు. బూమ్‌బాక్సని కొందరు, పార్టీ స్పీకరని కొందరు, ట్రాలీ స్పీకరని కొందరు. పేరేదైతేనేం, లోపల పెద్ద బ్యాటరీ ఉంటుంది. తీగ ఉండదు. ఆ తీగ లేకపోవడం మీదే నా ఫిర్యాదంతా.

మా అక్క కొడుకు మొదటి జీతంతో ఇలాంటిదొకటి కొన్నాడు. మొదటి జీతంతో అమ్మకు చీర కొనే రోజులు పోయాయని దెప్పడం నా ఉద్దేశం కాదు. చీర కూడా కొన్నాడు పాపం. చీర ధరకీ పెట్టె ధరకీ ఎన్ని రెట్లు తేడా ఉందో అడగొద్దని మా అక్క కళ్లతోనే సైగ చేసింది, నేనూ అడగలేదు.

"చూడు పిన్నీ, పద్దెనిమిది గంటలు మోగుతుంది. కరెంటుతో పనే లేదు!" అన్నాడు వాడు, కన్నకూతుర్ని చూపించినంత మురిపెంగా.

"పద్దెనిమిది గంటలు ఏం వింటావురా నాయనా?"

"వినడానికి కాదు పిన్నీ..." అని నాలిక్కరుచుకున్నాడు.

మంచి పిల్లాడు, అందుకే నిజం చెప్పేశాడు. ఈ మోజంతా ఆ ఒక్క మాటలో ఉంది. మీకు అనుమానముంటే డాబా మీద వాళ్లు పెట్టుకున్నప్పుడు ఓసారి చెవి ఒగ్గండి. ఒక్క పాటైనా చివరిదాకా వింటారా? పల్లవి కాగానే మారుస్తారు, చరణం సగంలో ఇంకోటి. కడుపులో గుద్దినట్టు ఆ 'ధమ్ ధమ్' రావాలి, అంతే. బేస్ అంటారు దాన్ని. ఈ మంద్రధ్వనికి ఒక గుణం ఉంది. సన్న స్వరాలు గోడకు తగిలి చాలావరకు ఆగిపోతాయి. మంద్రం గోడ దాటుకుని వచ్చేస్తుంది. అందువల్ల నాలుగిళ్ల అవతల ఉన్న మనకు పాట వినబడదు, సాహిత్యం వినబడదు, పాడినవాళ్లెవరో తెలియదు. స్టాండులో స్టీలు పళ్లేలు గలగలలాడటం మాత్రం తెలుస్తుంది. పాట వాళ్లకు, దెబ్బ మనకు.

ఇక లెక్కల్లోకి వద్దాం. లెక్కలనగానే పేజీ తిప్పేయకండి, వంటింటి లెక్కే చెబుతాను. చప్పుణ్ని డెసిబెల్సులో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకుంటే 60 దాకా ఉంటుంది. మిక్సీలో కొబ్బరి పచ్చడి రుబ్బుతుంటే 80, 90 మధ్య. 60కీ 90కీ పెద్ద తేడా ఏముంది, ఒకటిన్నర రెట్లే కదా అనుకుంటాం. అక్కడే ఉంది కిటుకు. ఈ కొలతలో ప్రతి పది డెసిబెల్సుకూ శబ్దశక్తి పది రెట్లవుతుంది. చెవికి రమారమి రెండింతలుగా తోస్తుంది. ఇలాంటి పెట్టెల్లో బాగా పేరుమోసినదొకటి డెన్మార్కు కంపెనీది, సౌండ్‌బాక్స్ అని. దాని సామర్థ్యం 126 డెసిబెల్సని కంపెనీవాళ్లే సగర్వంగా చెప్పుకుంటారు. 86 దగ్గర మోగే మిక్సీకీ దీనికీ తేడా 40. శక్తి లెక్కన పదివేల మిక్సీలు! చెవి లెక్కన పదహారు రెట్లు. పదివేల మిక్సీల పచ్చడి ఎవరు తింటారండీ?

ఆ డెన్మార్కు పెట్టె కథ కాస్త చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. రోస్కిల్డే అనే ఊళ్లో 1971 నుంచి ఏటా పెద్ద సంగీతోత్సవం జరుగుతుంది. వేలాదిమంది కుర్రకారు రోజుల తరబడి మైదానాల్లో గుడారాలు వేసుకుని అక్కడే ఉంటారు. ఆ గుడారాల దగ్గర కరెంటు లేకుండా పాటలు పెట్టుకోవడానికి కాలేజీ కుర్రాళ్లు కొందరు చేసుకున్న పెట్టె అది. అక్కడ దాన్ని నేను తప్పుపట్టను. చుట్టూ మైదానం, వచ్చినవాళ్లంతా గోల కోసమే వచ్చారు, గోల వద్దనుకున్నవాడు ఆ ఛాయలకే రాడు. బహిరంగంగా ఉన్నచోట దూరం రెండింతలైనప్పుడల్లా ఆరు డెసిబెల్సు తగ్గుతుందని శాస్త్రం. మీటరు దూరంలో 126 ఉంటే 32 మీటర్ల దూరంలో 96 అన్నమాట. అక్కడి మైదానంలో 32 మీటర్ల అవతల ఇంకో గుడారం ఉంటుంది, అందులోవాళ్లూ ఇదే జాతి. మన వీధిలో 32 మీటర్లంటే మూడు నాలుగిళ్లు. పైగా ఇరువైపులా గోడలుంటే శబ్దం ఆ లెక్కన తగ్గను కూడా తగ్గదు, తట్టి తట్టి తిరిగొస్తుంది. మైదానం కోసం పుట్టిన వస్తువుని తెచ్చి ముప్పై అడుగుల రోడ్డు మీద కూర్చోబెట్టారు. ఏనుగును కొన్నవాడు కనీసం దాన్ని ఎక్కడ కట్టేయాలా అని ఆలోచిస్తాడు!

కట్టేయడం అన్నాను కదా, అసలు విషయం అదే. చప్పుడు మనకు కొత్తేం కాదు. మన ఊళ్లలో శ్రీరామనవమి పందిరికి మైకుసెట్టు వచ్చిందంటే కొబ్బరిచెట్టుకు కట్టిన ఆ బాకాలు ఊరంతటికీ వినిపించేవి. "హలో హలో మైక్ టెస్టింగ్" అని అబ్బాయి గొంతు సవరించుకుంటుంటే పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. దానికి మాత్రం మెడకు పలుపు ఉండేది. పండగో పెళ్లో ఉండాలి. అద్దె కట్టాలి. కరెంటుండాలి, అది పోతే దేవుడి పాటైనా సరే ఆగిపోవాల్సిందే. అన్నిటికన్నా ముఖ్యం, దానికో మనిషుండేవాడు. ఎవరింట్లోనైనా ముసలాయనకు ప్రాణం మీదికొచ్చిందంటే పెద్దమనిషి ఒకాయన వెళ్లి "ఒరే అబ్బాయ్, కాస్త తగ్గించు" అనేవాడు. మైకుసెట్టు అబ్బాయికి ఆ ముసలాయన ఎవరో తెలుసు. తగ్గించేవాడు. రేపు మళ్లీ అదే ఊళ్లో సెట్టు అద్దెకివ్వాలి కదా.

ఆ తరవాత టూ ఇన్ వన్‌లు వచ్చాయి. దుబాయి నుంచో కువైట్ నుంచో బావగారు తెచ్చిన టూ ఇన్ వన్ ముందుగదిలో స్టూలు మీద, అంచుకి లేసు కుట్టిన గుడ్డ కప్పుకుని ఉండేది. అదీ బ్యాటరీల మీద నడిచేదే, అదీ మోసుకెళ్లగలిగేదే. కానీ ఆరో ఎనిమిదో లావుపాటి సెల్సు మింగేది. సౌండు పెంచితే సెల్సు తొందరగా అయిపోయేవి. అయిపోయినవాటిని ఎండలో పెట్టి మరో నాలుగు పాటలు పిండుకున్న సంగతి మీలో ఎంతమందికి గుర్తుందో! కొత్తవి కొనాలంటే అమ్మ డబ్బులివ్వాలి. వాల్యూము మీద అధికారం అమ్మ కొంగుముడిలో ఉండేదన్నమాట.

ఇప్పుడు ఆ పలుపులన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. లిథియం బ్యాటరీలు 1991లో బజారుకొచ్చాయి, ఎంత గొప్ప వస్తువంటే 2019లో దాని సృష్టికర్తలు ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇవ్వాల్సిందే. ఆ బ్యాటరీ వల్లే మన ఫోను నడుస్తోంది. దానికి తోడు కొత్త రకం యాంప్లిఫయర్లు వచ్చాయి. పాతవి తాము తిన్న కరెంటులో సగానికి సగం వేడి కింద తగలేసేవి. ఇవి తొంభై శాతం దాకా స్పీకరుకే అందిస్తాయి. ఆ పైన బ్లూటూత్, తీగ లేకుండా ఫోనులోంచే పాట. వెయ్యేళ్ల కిందటి డెన్మార్కు రాజుగారి మారుపేరట అది. అన్నీ మంచి వస్తువులే. మూడూ కలిసేసరికి ఏమైంది? పండగ అక్కర్లేదు, అద్దె అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, అమ్మనడగక్కర్లేదు. "కాస్త తగ్గించు" అని చెప్పడానికి మైకుసెట్టు అబ్బాయి కూడా లేడు. కరెంటు పోతే ఇదివరకు చీకటైనా కాస్త నిశ్శబ్దం దక్కేది. ఇప్పుడు చీకట్లోనూ మోగుతుంది, లైట్లతో సహా.

దీన్ని స్వేచ్ఛ అంటున్నారు. "నీ పాటను ఎక్కడికైనా తీసుకుపో!" ప్రకటనలన్నిటి సారాంశం ఇదే. తీసుకుపోవడం వరకూ బాగానే ఉంది. చెవిలో పెట్టుకునే బుల్లి గొట్టాలతో కూడా పాటను ఎక్కడికైనా తీసుకుపోవచ్చు కదా? అందులో మజా లేదట. ఎందుకు లేదంటే పక్కవాడికి వినిపించదు కాబట్టి!

ఇక్కడ నాకు చదువుకున్నవాళ్లు అడ్డం తగులుతారని తెలుసు. "మేడమ్, బూమ్‌బాక్సు చరిత్ర మీకు తెలీదు. న్యూయార్కులో 70ల చివర, 80లలో నల్లజాతి కుర్రాళ్లు, స్పానిష్ మాట్లాడే పేదపిల్లలు భుజాన వేసుకుని తిరిగింది దాన్నే. వాళ్లకు క్లబ్బులు లేవు, హాళ్లు లేవు. వీధే వాళ్ల సభాస్థలి. ఆ వీధుల్లోంచే కదా హిప్‌హాప్ పుట్టింది?" అంటారు. తెలుసు. స్పైక్ లీ 1989లో తీసిన 'డూ ద రైట్ థింగ్' సినిమాలో ఆ పెట్టె మోసుకు తిరిగే కుర్రాడి కథ ఎలా ముగుస్తుందో కూడా తెలుసు. పోలీసుల చేతుల్లో ప్రాణం పోతుంది. 'గోల' అన్న మాట ఉన్నవాళ్ల చేతిలో లేనివాళ్ల మీద ఆయుధమైన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఒప్పుకుంటాను.

కానీ బాబూ, ఆ కథను అరువు తెచ్చుకునే ముందు మన కథలో ఎవరు ఎవరో చూసుకోవాలి కదా? మా అపార్టుమెంటు టెర్రస్ మీద పెట్టె మోగించే కుర్రాళ్లకు హాళ్లు ఉన్నాయి, కార్లు ఉన్నాయి, తండ్రులకు పలుకుబడి ఉంది. కింద సెల్లారులో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. ఒకటే గది, రేకుల తలుపు. వాన పడిందంటే పార్టీ టెర్రస్ మీంచి సెల్లారులోకి దిగుతుంది, సరిగ్గా ఆ తలుపు ఎదుటికి. ఆమెకు నాలుగు నెలల పసివాడు. ఒకరోజు పొద్దున్నే కళ్లు వాచి కనిపిస్తే "రాత్రి తగ్గించమని ఒక్కమాట అనలేకపోయావా?" అన్నాను. "మేమెట్ల అడుగుతమమ్మా? ఆళ్లిచ్చే పైసలే గదా మా జీతం" అంది. పిల్లవాడి చెవులకు తన పాత చీర చింపి చుట్టింది. ఇప్పుడు చెప్పండి, ఆ న్యూయార్కు కుర్రాడి స్థానంలో ఇక్కడ ఎవరున్నారు?

పోనీ అడిగే తాహతున్నవాళ్లం మనం అడుగుతున్నామా అంటే, అడుగుతూనే ఉన్నాం. మగవాళ్లు వెళ్లరు. "ఎందుకే గొడవ, కుర్రాళ్లు" అని టీవీ సౌండు పెంచుకుంటారు. (ఇంటి లోపలి డెసిబెల్సు సంగతి ఇంకోసారి రాస్తాను.) చివరికి చీర కొంగు భుజం మీదుగా కప్పుకుని మెట్లెక్కేది మనమే. జవాబు కూడా మనందరికీ కంఠతా వచ్చు: "ఒక్క రోజే కదా ఆంటీ!" ఒకరోజు పుట్టినరోజు. ఒకరోజు క్రికెట్ గెలిచారు. ఒకరోజు ఎవడికో వీసా వచ్చింది, ఒకరోజు ఇంకెవడికో రాలేదు. డిసెంబరు 31 ఎటూ ఉంది. ఒక్కొక్కడికీ ఒక్క రోజే, వినేవాళ్లకు మాత్రం అన్ని రోజులూ. ఇంకాస్త గట్టిగా అంటే "ఆంటీకి ఎంజాయ్‌మెంట్ తెలీదు" అన్న బిరుదు మెట్లు దిగేలోపే వెనక నుంచి వినబడుతుంది.

నాకో సందేహం. ఇంతకాలంలో టెర్రస్ మీద పెట్టె మోగించిన ఆడపిల్లను నేను ఒక్కదాన్నీ చూడలేదు. ఆడపిల్లలకు పాటలంటే ఇష్టం లేదా? ఎందుకు లేదు! కానీ వాళ్లకు పుట్టినప్పటి నుంచీ వాల్యూము ఎవరో ఒకరు తగ్గిస్తూనే ఉన్నారు. "ఆడపిల్లవి, అంత గట్టిగా నవ్వకు." "ఫోన్లో మెల్లగా మాట్లాడు, నాన్నగారున్నారు." "వీధిలోకి వినిపిస్తోందే నీ గొంతు!" ఇవన్నీ మనమే అన్నాం, మనకీ అన్నారు. గొంతు గడప దాటకూడదని కూతురికి నేర్పిన ఇంట్లోనే కొడుకు పెట్టె నాలుగు వీధులు దాటితే "వయసు కదండీ" అని నవ్వుకుంటున్నాం. ఎవరి చప్పుడు ఎంత దూరం పోవచ్చో మన ఇళ్లలో ఎప్పుడో రాసిపెట్టి ఉంది. కొత్త పెట్టె దానికి బ్యాటరీ తొడిగిందంతే.

ఇది వట్టి చికాకు వ్యవహారం అనుకునేవాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా చెప్పాలి. శబ్దకాలుష్యం మీద మన సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన పెద్ద తీర్పొకటి ఉంది. ఆ కేసు వేయడానికి కారణమేమిటో తీర్పు మొదట్లోనే ఉంది. పదమూడేళ్ల పిల్ల మీద అత్యాచారం జరిగింది. 1998 జనవరిలో పత్రికల్లో వచ్చింది. ఆ పిల్ల కేకలు పెట్టింది. పక్కనే లౌడ్‌స్పీకర్లో పాటలు మారుమోగుతున్నాయి. ఎవరికీ వినబడలేదు. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చచ్చిపోయింది.

ఆ రోజు పాటలు పెట్టుకున్నవాళ్లు చెడ్డవాళ్లు కాకపోవచ్చు. వాళ్లకు ఆ పిల్ల ఎవరో కూడా తెలిసుండదు. వాళ్లూ "ఒక్క రోజే కదా" అనుకునే ఉంటారు. మనకు భయమేసినప్పుడు, మెట్ల మీద జారి పడ్డప్పుడు, గ్యాసు లీకైనప్పుడు ఆఖరికి మన దగ్గర మిగిలేది గొంతొక్కటే. పక్కింటికి వినబడేంత నిశ్శబ్దం వీధిలో ఉండటం మనకు విలాసం కాదు, అవసరం.

చట్టం లేదా అంటే, ఉంది. 2000లోనే శబ్దకాలుష్య నియమాలు వచ్చాయి. ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55 డెసిబెల్సు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45. మన సొంత స్థలంలో మన సొంత పెట్టె మోగించుకున్నా, మన సరిహద్దు దగ్గర ఆ హద్దుకన్నా 5 మించకూడదు. అంటే పగలైనా ప్రహరీగోడ దగ్గర 60, మనం మామూలుగా మాట్లాడుకునేంత! రాత్రి పది దాటాక తలుపులు మూసిన హాళ్లలో తప్ప స్పీకర్లు పెట్టనే కూడదు. టెర్రస్ మూసిన హాలు కాదు, పైన చుక్కలు కనబడతాయి. హద్దుకన్నా పది డెసిబెల్సు ఎక్కువుంటే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. 112కి ఫోను చేస్తే చాలు, కోర్టుకెక్కక్కర్లేదు. ఇందులో గుడి, మసీదు, చర్చి, పెళ్లి, పుట్టినరోజు అన్న తేడా లేదు. పొద్దున నాలుగింటికి మైకులో సుప్రభాతం పెట్టే మా వీధి భక్తులకూ ఇదే వర్తిస్తుందని నేను అన్నందుకు నాతో ఇద్దరు మాట్లాడటం మానేశారు.

2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. సంతోషించాను. డీజే అంటే లారీ ఉంటుంది, జనరేటరు ఉంటుంది, అద్దెకిచ్చే యజమాని ఉంటాడు. పోలీసు చెయ్యి వేయడానికి ఒక పలుపంటూ ఉంది. ఈ చక్రాల పెట్టెకో? పోలీసు మెట్లెక్కేలోపు మంచం కిందికి తోసేస్తారు. ఆయన దిగగానే మళ్లీ బయటికి వస్తుంది. పద్దెనిమిది గంటల బ్యాటరీ, తొందరేముంది?

పిల్లల తల్లులకు మాత్రం ఇంకో మాట. పక్కింటివాళ్ల సంగతి వదిలేయండి, మీ పిల్లాడి సంగతి చూసుకోండి. 85 డెసిబెల్సు మోత రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ లెక్క కట్టింది. ఆ పైన మూడు పెరిగినప్పుడల్లా టైము సగమైపోతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు... అలా 100 దగ్గర పావుగంట. పెట్టె పక్కనే చేరి రెండు గంటలు గంతులేసేవాడు ఎన్ని రోజుల కోటా ఒక్కపూటలో తినేస్తున్నాడో చూడండి. చెవి లోపల శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలుంటాయి. అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. జుట్టు రాలితే నూనె రాస్తాం, వీటికి ఏ నూనే లేదు. పన్నెండు నుంచి ముప్పై ఐదేళ్ల వయసువాళ్లలో వంద కోట్ల మందికి పైగా వినికిడికి ముప్పుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పార్టీ నుంచి వచ్చి "చెవిలో జుయ్యిమంటోందమ్మా" అంటే "అలిసిపోయావు, పడుకో" అనకండి. ఆ జుయ్యిమనడమే మొదటి హెచ్చరిక.

చేతిలో ఉన్న ఫోను మరీ సౌండు పెంచితే "ఎక్కువసేపు ఇలా వింటే చెవికి హాని" అని ఒకసారి ఆగి అడుగుతుంది. సొంత చెవుల విషయంలో అంత జాగ్రత్త! వీధంతటి చెవులూ చిల్లులు పొడిచే పెట్టె ఎవరినీ ఏమీ అడగదు.

చప్పుడు చేసే ప్రతి బ్యాటరీ మీదా నాకు పగ లేదండోయ్. ఉల్లిపాయల బండి మీద చిన్న మైకు "కిలో ఎంత, రెండు కిలోలు ఎంత" అని తనే అరుస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. ఆ బండాయన గొంతుకు విశ్రాంతి. పైగా రెండు నిమిషాల్లో వీధి దాటిపోతుంది. పార్కులో ఆడవాళ్లు చిన్న స్పీకరు పెట్టుకుని వ్యాయామం చేస్తుంటే నేనూ చేరతాను. పని ఉన్న చప్పుడు పని అయ్యాక ఆగుతుంది.

మనవైపూ ఒక వేలు చూపించుకోవాలి, తప్పదు. బతుకమ్మ సంగతే తీసుకోండి. తొమ్మిది రోజులు పూలు పేర్చి, చుట్టూ చేరి, ఒకావిడ చరణం అందుకుంటే మిగతావాళ్లంతా చప్పట్లతో వంత పాడేవాళ్లు. దానికి తీగా లేదు, బ్యాటరీ లేదు. అరవై మంది ఆడవాళ్ల గొంతులే దాని డెసిబెల్సు. ఇప్పుడు చాలాచోట్ల మధ్యలో ఈ పెట్టె కూర్చుంటోంది. సినిమా బాణీలో ఎవరో స్టూడియోలో పాడిన పాట అది పాడుతుంటే మనం చప్పట్లు మాత్రం కొడుతున్నాం. మా కాలనీలో నిరుడు ఒక పెద్దావిడ, చరణాలన్నీ నోటికొచ్చినావిడ, రెండుసార్లు పాట ఎత్తుకుంది. పెట్టె ముందు ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. మూడోసారి ఎత్తుకోలేదు, వెళ్లి కుర్చీలో కూర్చుంది. అప్పుడు అక్కడ మగపిల్లలెవరూ లేరు. పెట్టె మీట మన చేతిలోనే ఉంది.

నన్నడిగితే, ఫ్రిజ్జు మీద కరెంటు ఖర్చుకు నక్షత్రాలు అతికించినట్టు ఈ పెట్టెల మీదా అతికించాలి. 'ఇది ఇంతదూరంలో ఇళ్లున్నచోట మోగించకూడదు' అని పెద్ద అక్షరాలతో. వాట్లు అంత పెద్దగా అచ్చు వేస్తున్నారు కదా, చోటుకేం కొదవలేదు. ప్రభుత్వం వేయించేదాకా కూర్చోనక్కర్లేదు. కారు ఎక్కడ నిలపాలో, చెత్త ఏ వేళకు కింద పెట్టాలో అపార్టుమెంటువాళ్లం కూర్చుని రాసుకున్నాం. కారు ఒక గజం ఇవతలికి వస్తే నోటీసు అంటిస్తాం. పాట నాలుగంతస్తులు దాటి వస్తే అంటించకూడదా?

వచ్చే ఆదివారం మా అసోసియేషన్ మీటింగుంది. నా తీర్మానాన్ని నీళ్ల ట్యాంకరు బాకీకీ లిఫ్టు మరమ్మతుకీ తరవాత ఆరో అంశంగా వేశారు. రాత్రి పదింటికి టెర్రస్ తాళం వేయాలి. పెట్టె టెర్రస్ మీదికి గానీ సెల్లారులోకి గానీ తీసుకెళ్లాలంటే ముందుగా ముగ్గురి చేత సంతకం పెట్టించుకోవాలి: పై అంతస్తులో ఉండే గుండెజబ్బు మాస్టారు, పరీక్షలకు చదువుకుంటున్న రెండో అంతస్తు అమ్మాయి, వాచ్‌మన్ భార్య. మూడో పేరు చదవగానే సెక్రటరీగారు నవ్వారు. "ఆమె మెంబరు కాదు కదమ్మా" అన్నారు. చెవులున్నాయి కదండీ అన్నాను. మా ఆడవాళ్లం ఇప్పటికి పదకొండుమందిమి సంతకాలు చేశాం. ఇంకా అయిదు ఫ్లాట్లు తిరగాలి, అందులో ఒకటి మా అక్కది.